ఎన్నేళ్ళు పడతాయని అడిగావు, ఫీజు ఎవరు కడుతున్నారో ముందు చూడు

ఈ వారం ఉత్తరం మారతహళ్ళి నుంచి. పేరు రాయొద్దు అంది, రాయను. మనిషికి 34 ఏళ్ళు, సొంతూరు మదనపల్లి పక్కన పల్లె, పెళ్ళయ్యి బెంగళూరొచ్చి పదకొండేళ్ళు, ఇక్కడే ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తుంది. ఆరు పేజీలు రాసింది, కుదించి చెప్తా.

తమ్ముడికి 25. బీటెక్ మధ్యలో ఆపేసి ఇక్కడే పీజీ హాస్టల్లో ఉంటూ బైక్ మీద డెలివరీలు చేసేవాడు. రెండేళ్ళ నాలుగు నెలల కింద ఒక తెల్లవారుజామున కేఆర్ పురం స్టేషన్ బయట ట్రాలీ బ్యాగ్‌తో దొరికాడు, వైజాగ్ వైపు నుంచి వచ్చిన ట్రైన్ దిగి. బ్యాగ్‌లో బ్రౌన్ టేపు చుట్టిన 11 ప్యాకెట్లు, గంజాయి, మహజర్‌లో, అంటే పోలీసుల పంచనామాలో రాసిన తూకం 22 కిలోల 400 గ్రాములు. "బ్యాగ్ తెచ్చిస్తే 8 వేలిస్తామన్నారక్కా, లోపలేముందో నాకు తెలీదు" అని వాడి మాట. తెప్పించినవాడిని ఏ2గా, అంటే రెండో నిందితుడిగా పెట్టారు, వాడు ఆర్నెల్లకే బెయిల్ మీద బయటికొచ్చాడు. తమ్ముడు ఇంకా పరప్పన అగ్రహారలోనే.

లాయర్‌ని "ఫ్రెండ్స్" పెట్టించారట, ఈమె దగ్గర ఇంతవరకు ఒక్క రూపాయి తీసుకోలేదు. సాక్షులు ఇద్దరే మిగిలారు. ఇప్పుడు ఆ లాయర్ "తప్పు ఒప్పేసుకుంటే జడ్జిగారు దయ చూస్తారు, మూడు నాలుగేళ్ళతో పోతుంది, సగం ఎలాగూ అయిపోయింది కదా" అంటున్నాడు. కోర్టు దగ్గర టీ కొట్లో పరిచయమైన ఇంకొకడు 5 లక్షలిస్తే తూకం తగ్గేట్టు చేస్తానన్నాడు. భర్త "మన పిల్ల భవిష్యత్తు చూసుకో, ఇంక వదిలెయ్" అంటున్నాడు. ఊళ్ళో అమ్మకి గుండెలో స్టెంట్ ఉంది, కొడుకు పూణేలో ఉద్యోగం చేస్తున్నాడనే అనుకుంటోంది. 2021లో వీడు ఒకసారి గంజాయి తాగుతూ దొరికి కోర్టులో ఫైన్ కట్టి బయటపడ్డాడు, ఆ సంగతి లాయర్‌కి చెప్పలేదు. లండన్ దగ్గరున్న మరిది "మోసేవాడికి శిక్ష తక్కువే వేస్తారు వదినా" అని ధైర్యం చెప్పాడు. అడిగినవి మూడు: జడ్జి ఎన్నేళ్ళని దేన్నిబట్టి వేస్తారు, అమ్మ జబ్బు చూసి తగ్గిస్తారా, ఇంక నేను తిరగడం ఆపేస్తే పాపమా.

చెల్లీ, ముందు ఒక్క పని చెయ్యి. వచ్చే వాయిదాలో వాడు ఏదీ ఒప్పుకోకుండా, దేనిమీదా సంతకం పెట్టకుండా ఆపు. ఎవరి చేతో కబురు పంపకు, ములాఖత్‌కి నువ్వే వెళ్ళి చెప్పు. మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం.

ఎందుకు ఆపమంటున్నానంటే, మీ లాయర్ చెప్పిన "మూడు నాలుగేళ్ళు" అనేది ఈ చట్టంలో ఈ తూకానికి లేనే లేదు. మత్తుమందుల మీద ఉన్న ఈ ఎన్‌డీపీఎస్ చట్టం 1985లో వచ్చింది, 2001లో సవరించి శిక్షకి మోతాదుని బట్టి మెట్లు పెట్టారు. గంజాయికైతే కిలో వరకు చిన్న మోతాదు, ఏడాది లోపు జైలు, 10 వేల లోపు ఫైన్. కిలో దాటి 20 కిలోల వరకు మధ్య మెట్టు, పదేళ్ళ వరకు వెయ్యొచ్చు, అంటే ఏడాది వెయ్యొచ్చు రెండేళ్ళు వెయ్యొచ్చు, జడ్జిగారి చేతిలో బోలెడంత చోటుంది. 20 కిలోలు దాటితే కమర్షియల్, అంటే వ్యాపార మోతాదు, అక్కడ తక్కువలో తక్కువ పదేళ్ళు, ఎక్కువ ఇరవై, ఫైన్ కనీసం లక్ష. పదిని తొమ్మిది చెయ్యాలని జడ్జిగారికి మనసులో ఎంతున్నా చెయ్యలేరు. అమ్మ స్టెంట్ రిపోర్టు చూసి ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నా సరే పదే. ఎండీఎంఏ అనే పార్టీ మత్తుమందు అయితే ఈ కమర్షియల్ గీత 10 గ్రాముల దగ్గరే ఉంది, చొక్కా జేబులో పట్టేంత, హెరాయిన్‌కి 250 గ్రాములు. మన సాఫ్ట్‌వేర్ పిల్లలు వీకెండ్ పార్టీకని నలుగురి డబ్బులేసి ఒకడి చేత తెప్పించుకుంటారు చూడు, ఆ తెచ్చేవాడు తనకి తెలీకుండానే పదేళ్ళ గీత దాటేసి ఉంటాడు, ఇది నీ కేసు కాదులే గానీ చదివేవాళ్ళ కోసం చెప్తున్నా.

సో మీ వాడి కేసులో శిక్ష చాలామటుకు తీర్పు రోజు తేలేది కాదు, ఆ తెల్లవారుజామున త్రాసు మీదే తేలిపోయింది. 22.4కీ 20కీ మధ్య ఉన్న 2 కిలోల 400 గ్రాములు, మీ కుటుంబం తలరాత అంతా ఆ కాస్త బరువులో ఉంది. నువ్వు తిరగాల్సింది, ఖర్చుపెట్టాల్సింది, అడగాల్సింది అక్కడ. దయ గురించి కాదు.

ఇప్పుడు "ఒప్పుకుంటే దయ" మాట చూద్దాం. మన దగ్గర ప్లీ బార్గెయినింగ్ అని ఒకటుంది, తప్పొప్పుకుని శిక్ష తగ్గించుకోవడం, కానీ అది గరిష్ఠ శిక్ష ఏడేళ్ళు మించని నేరాలకే, మీ వాడిది ఇరవై దాకా ఉంది కాబట్టి ఆ దారి లేదు. ఉత్తగా నేరం ఒప్పుకున్నాడనుకో, పదేళ్ళ కనీసం అలాగే ఉంటుంది, పైగా తర్వాత హైకోర్టుకి వెళ్ళినా శిక్ష ఎక్కువైందనో చట్టప్రకారం లేదనో మాత్రమే వాదించగలడు, నేను చెయ్యలేదు అని వాదించే దారి మూసుకుపోతుంది. అంటే ఇచ్చేది మొత్తం ఇచ్చి పుచ్చుకునేది ఏమీ లేదు. మరి ఈ సలహా వల్ల ఎవరికి లాభం? మీ వాడు "అంతా నాదే" అనేస్తే పండగ చేసుకునేది ఏ2. ఫీజు ఎవరిస్తున్నారో నీకు తెలీదన్నావు, "ఫ్రెండ్స్" అన్నావు. డెలివరీ బాయ్ ఫ్రెండ్స్ రెండేళ్ళ పాటు సెషన్స్ కేసు లాయర్‌కి ఫీజు కడతారా చెల్లీ? ఆ లాయర్ మంచివాడే కావచ్చు, చట్టం సరిగ్గా చూసుకోకుండా అలవాటుగా అన్న మాటే కావచ్చు, నేను చూడని మనిషి మీద నింద వెయ్యను. కానీ డబ్బిచ్చేవాడు ఒకడు, జైల్లో ఉన్నవాడు ఇంకొకడు అయినప్పుడు ఇద్దరి మంచీ ఒకటే అయ్యి ఉండాలని లేదు.

ఏ2 అంత తొందరగా ఎలా బయటికొచ్చాడంటావా. వాడి దగ్గర సరుకు దొరకలేదు, వాడి పేరు వచ్చిందే మీ తమ్ముడు పోలీసులకి చెప్పిన వాంగ్మూలంలోంచి. ఆ వాంగ్మూలాలు సాక్ష్యంగా పనికిరావని తమిళనాడు నుంచి వెళ్ళిన తూఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2020 అక్టోబర్‌లో తేల్చింది. చేతిలో బ్యాగున్నవాడు ఇరుక్కుంటాడు, ఫోన్‌లో పురమాయించినవాడు జారుకుంటాడు, కాల్ రికార్డులో బ్యాంకు లావాదేవీలో దొరికితే తప్ప. కాగితం మీద కుట్రదారుడికీ అదే శిక్ష అని ఉంది, కానీ నిరూపించాలి కదా.

లాయర్ విషయంలో నీకు మూడు దారులున్నాయి. లీగల్ ఎయిడ్ అడగొచ్చు, కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత లాయర్ హక్కు, 1987 చట్టంలోనే ఉంది, జైల్లోంచే వాడు అర్జీ పెట్టుకోవచ్చు లేదా నువ్వు 15100కి ఫోన్ చెయ్యొచ్చు. డబ్బు ఖర్చు లేదు, కానీ ఎవరొస్తారనేది అదృష్టం, ప్రాణం పెట్టి చేసేవాళ్ళనీ చూశా, ఫైల్ తెరవకుండా వాయిదా అడిగేవాళ్ళనీ చూశా. రెండోది సొంతంగా ఎన్‌డీపీఎస్ కేసులు చేసే లాయర్‌ని పెట్టుకోవడం, దీనికి ఆ ఐదు లక్షల్లో కొంత పనికొస్తుంది, కాకపోతే ట్రయల్ చివర్లో వచ్చిన మనిషి ఇప్పటికే అయిపోయిన సాక్షులని మళ్ళీ పిలిపించాలంటే కోర్టు ఒప్పుకోవాలి, ఒప్పుకోకపోవచ్చు. మూడోది ఈ లాయర్నే ఉంచి, కేసు కాగితాల సర్టిఫైడ్ కాపీలు కోర్టు నుంచి తీసుకుని బయట ఇంకొకరికి చూపించడం, గొడవ లేకుండా అయిపోతుంది గానీ ఫీజు గురించి నా అనుమానం నిజమైతే ఆ రెండో సలహా కోర్టులో ఎవరూ మాట్లాడరు. నన్నడిగితే కాపీలు ఇవాళే అప్లై చెయ్యి, ఏ దారికైనా అవి కావాలి. లాయర్‌ని మార్చేటప్పుడు పోట్లాడకు, ఏ2 మనుషులకి ముందే చెప్పకు.

కాపీలొచ్చాక చూడాల్సింది తూకం సంగతి. చట్టం ప్రకారం గంజాయి అంటే మొక్క పూత, కాయ ఉన్న కొసలు. గింజలు, ఆకులు ఆ కొసలతో కలిసి లేకపోతే గంజాయి కింద లెక్కలోకి రావు. మహజర్‌లో "కొమ్మలు, ఆకులు, గింజలు కలిసిన" అని రాసి అన్నీ కలిపి ఒకే తూకం వేశారా, టేపు కవర్లతో సహా వేశారా, 11 ప్యాకెట్లలో శాంపిల్ దేంట్లోంచి తీశారు, మెజిస్ట్రేట్ ముందు సెక్షన్ 52ఏ ప్రకారం లిస్టు, ఫోటోలు, శాంపిళ్ళు జరిగాయా లేక స్పాట్‌లోనే తీసి పంపేశారా. త్రాసు ఎక్కడిది, పక్క కిరాణా కొట్టుదైతే ఆ కొట్టువాడు సాక్షిగా వచ్చాడా. ఇవి టెక్నికల్ మాటల్లా ఉంటాయి గానీ గీతకి ఇంత దగ్గరగా ఉన్న కేసులో ఇవే ప్రాణం, కోర్టు కమర్షియల్ రుజువు కాలేదు అని మధ్య మెట్టుకి దించితే అప్పుడు పదేళ్ళ కనీసం పోయి, మీ అమ్మ జబ్బు, వాడి వయసు నిజంగా పనిచేస్తాయి. ఆశ మరీ పెంచను, 11 టేపు కవర్లే 2 కిలోల 400 గ్రాములుంటాయని ఏ జడ్జిగారూ నమ్మరు, గింజలూ కాడల వాదనే కాస్త బలమున్నది, అది కూడా ఎఫ్ఎస్ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) రిపోర్టు ఏం చెప్పిందో చూశాకే. ఎవరైనా సెక్షన్ 50 పాటించలేదు కేసు కొట్టేస్తారు అంటే ఎగిరి గంతెయ్యకు, అది ఒంటి మీద సోదాకి, బ్యాగ్‌కి కాదు.

ఇక "లోపలేముందో తెలీదు" సంగతి. మామూలు కేసుల్లో నువ్వు తప్పు చేశావని పోలీసులే నిరూపించాలి. ఇక్కడ బ్యాగ్ వాడి దగ్గర దొరికిందని వాళ్ళు నిరూపిస్తే చాలు, తెలిసే పెట్టుకున్నాడని చట్టం అనుకుంటుంది, కాదని చూపించే భారం వాడి మీద పడుతుంది, అదీ మామూలుగా కాదు, అనుమానానికి తావు లేకుండా. ఒక ట్రాలీ బ్యాగ్ ట్రైన్లో తెచ్చినందుకు 8 వేలు ఎందుకిస్తారని నీకు అనిపించలేదా అని పీపీ, అంటే ప్రభుత్వ లాయర్, అడిగే మొదటి ప్రశ్న ఉంటుంది. కాబట్టి ఈ వాదన వదలమనను, దానిమీదే కూర్చోవద్దంటున్నా.

సరే, శిక్షే పడింది అనుకుందాం. అప్పుడు పది నుంచి ఇరవై లోపల ఎక్కడ? సెక్షన్ 32బి అని ఉంది, పదికి మించి వెయ్యాలంటే ఏవి చూడాలో చెప్తుంది: ఆయుధం వాడాడా, గవర్నమెంట్ పదవిలో ఉండి చేశాడా, చిన్నపిల్లల్ని వాడుకున్నాడా, స్కూలు కాలేజీ చుట్టుపక్కల చేశాడా, ముఠాలో ఉన్నాడా, ఇలా. ఇవి కాక కోర్టుకి సబబు అనిపించినవి కూడా చూడొచ్చు, అందులో మోతాదు కూడా వస్తుందని 2019లో రఫీక్ ఖురేషీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2021లో గురుదేవ్ సింగ్ కేసుంది, కిలో హెరాయిన్, మనిషి పేదవాడు, మోసేవాడు, మొదటిసారి, ఇల్లు వాడి మీదే ఆధారం అని ఎంత చెప్పినా కమర్షియల్ గీతకి నాలుగు రెట్లు ఉందని 15 ఏళ్ళ శిక్షనే ఉంచారు. అంటే మోతాదు గీతకి ఎంత పైనుంటే అంత పైకి లాగుతుంది. మీ వాడిది గీతకి కాస్త పైన, ముఠా నాయకుడు కాదు, ఆయుధం లేదు, స్టేషన్ బయట దొరికాడు, కాబట్టి రుజువైతే పది దగ్గరే ఆగడానికి మంచి వాదన ఉంది. అమ్మ జబ్బు పనికొచ్చేది ఇక్కడే, పదమూడు కాకుండా పది చేయించడానికి.

మీ మరిది చెప్పింది అబద్ధం కాదు, వాడుండే దేశంలో నిజం. ఇంగ్లండ్‌లో జడ్జీలకి గైడ్‌లైన్స్ పుస్తకం ఉంటుంది, సరుకు ఎంత అని ఒక వైపు, మనిషి పాత్ర పెద్దదా మధ్యస్థమా చిన్నదా అని ఇంకో వైపు, రెండూ కలిసే గడిలో ఏళ్ళు రాసి ఉంటాయి, మొదట్లోనే తప్పొప్పుకుంటే మూడో వంతు దాకా తగ్గుతుంది. మన చట్టంలో ఆ రెండో వైపు గడులు లేవు. మోసినవాడూ మోయించినవాడూ ఒకే మెట్టు. నాకైతే ఇది అన్యాయంగానే కనిపిస్తుంది, కానీ నా అభిప్రాయంతో మీ వాడికి ఒక్క రోజు తగ్గదు.

శిక్ష ఎంత వెయ్యాలనే దానిమీద కోర్టు వినడం అనేది ఎలా ఉంటుందో చూస్తే నీకు అర్థమవుతుంది. కొన్నేళ్ళ కింద ఒకసారి కూర్చుని చూశా. దోషి అని చెప్పేశాక జడ్జిగారు "ఏమైనా చెప్పుకునేదుందా" అని అడిగారు, ఆ పిల్లాడికి కన్నడ రాదు, బెంచ్ క్లర్క్ తెలుగులో మళ్ళీ అడిగాడు, వాడు నేల చూస్తూ "అమ్మ ఒక్కతే ఉంది సార్" అన్నాడు. లాయర్ దగ్గర ఒక్క కాగితం లేదు. వెనక బెంచీలో ముసలాయన, కోలార్ వైపు మనిషి, ప్లాస్టిక్ కవర్లో మందుల చీటీలు పట్టుకుని లేచి నిలబడ్డాడు, కానిస్టేబుల్ కూర్చోమని సైగ చేశాడు. మొత్తం పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆ చీటీలు ముందురోజే ఫైల్లో ఉండాల్సింది. అందుకే అమ్మ డిశ్చార్జ్ సమ్మరీ, వాడి మార్కుల లిస్టులు, డెలివరీ కంపెనీలో పనిచేసిన రుజువు, జైల్లో నడవడిక బాగుందనే సర్టిఫికెట్, లోపల ఏదైనా కోర్సు చేసుంటే అది, అన్నీ ఇప్పుడే కాపీలు చేసి పెట్టు.

2021 ఫైన్ సంగతి కొత్త లాయర్‌కి మొదటి రోజే చెప్పు. రెండోసారి దోషి అయితే శిక్ష ఒకటిన్నర రెట్లు అనే సెక్షన్ 31 ఉంది, కానీ అది పాతదీ కొత్తదీ అదే స్థాయి శిక్ష ఉన్న నేరాలైతేనే, తాగినందుకు కట్టిన ఫైన్ ఆ లెక్కలోకి రాదని వాదించొచ్చు. అయితే పీపీ దాన్ని లేవనెత్తి "మొదటిసారి కాదు మైలార్డ్" అంటాడు, అప్పుడు మన లాయర్ బిత్తరపోయి నీ వైపు చూడకూడదు.

ఇంకో దారి ఉంది, బరువైనది. వాడికి ఏ2 గురించి నిజంగా తెలిసి, చెప్పడానికి సిద్ధపడితే, అప్రూవర్‌గా, అంటే ప్రాసిక్యూషన్ వైపు సాక్షిగా మారడానికి కోర్టుని అడగొచ్చు, తీర్పుకి ముందు ఎప్పుడైనా. కోర్టు ఒప్పుకుంటే క్షమాపణ దొరుకుతుంది, కానీ తనది కూడా దాచకుండా అంతా చెప్పాలి, మాట మార్చితే మొదటికొస్తుంది, ప్రాసిక్యూషన్‌కి వాడి సాక్ష్యం అవసరమనిపించాలి. పైగా ఏ2 బయట తిరుగుతున్నాడు, మీ ఇల్లు వాళ్ళకి తెలుసు. ఈ దారి తప్పు అనను, తేలిక అనను, ఏ2 తో సంబంధం లేని లాయర్‌తో మాట్లాడకుండా ఈ మాట ఫోన్లో కూడా ఎత్తొద్దు.

టీ కొట్టువాడి సంగతి ఒక్క ముక్క: తూకం మహజర్లో ఉంది, రిపోర్టు ఎప్పుడో కోర్టుకి చేరి ఉంది, వాడు తగ్గించగలిగేది నీ బ్యాంకు బ్యాలెన్స్. లంచం ఇచ్చినా నేరమే.

లెక్క కూడా చెప్పేస్తా, రాత్రుళ్ళు నువ్వు వేసుకునే లెక్క ఇదే కదా. పదేళ్ళు పడితే లోపలున్న రెండేళ్ళ నాలుగు నెలలు అందులోంచి పోతాయి, ఏడేళ్ళ ఎనిమిది నెలలు మిగులుతాయి. మామూలు ఖైదీలకిచ్చే రెమిషన్, అంటే శిక్షలో తగ్గింపు, ఈ చట్టంలో లేదు. లక్ష కట్టకపోతే అదనంగా కొన్ని నెలలు. హైకోర్టుకి అప్పీల్ 60 రోజుల్లోపు, అప్పీల్ తేలేలోగా శిక్ష ఆపమని అడగొచ్చు. తీర్పుకి ముందే బెయిల్ కూడా మళ్ళీ అడగొచ్చు, ట్రయల్ మరీ సాగితే కమర్షియల్ కేసుల్లో బెయిల్‌ని కష్టం చేసే సెక్షన్ 37 ఉన్నా బెయిల్ ఇవ్వొచ్చని 2023లో మహమ్మద్ ముస్లిం కేసులో సుప్రీంకోర్టు అంది, కానీ ఇద్దరు సాక్షులే మిగిలిన చోట కోర్టు "ట్రయలే ముగించెయ్యండి" అనే అవకాశం ఎక్కువ.

అమ్మకి చెప్పాలా అంటే, చెప్పకపోతే ఏమవుతుందో చూడు. తీర్పు రోజు ఎవరో ఒకరు ఊళ్ళో వాట్సాప్ గ్రూపులో పెడతారు, టమాటా మార్కెట్లో ఎవరో ఆమె మొహం మీదే అడుగుతారు. చెప్తే గుండెకి దెబ్బ తగలొచ్చు, ఆ భయం నిజమే, అందుకే డాక్టర్‌ని ముందు అడిగి, మీ మేనమామ ఉన్నాడన్నావు కదా, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని పగటి పూట చెప్పు. ఆమె కాగితాలు కోర్టులో పెట్టాలన్నా ఆమెకి తెలియాలి. చెప్పకూడదనే నిర్ణయించుకుంటే అదీ నీ ఇష్టమే, కానీ అప్పుడు అమ్మ పేరుతో జడ్జిగారి ముందు ఏమీ అడగలేవు.

మీ ఆయన మీద కోపం వద్దు. పిల్ల ఉన్న తండ్రి మాట అది. ఆయన్ని కోర్టుకి రమ్మనకు, ఇంత డబ్బు దాటి పెట్టను, పిల్ల పేరు మీద ఉన్నది ముట్టను అని ఒక అంకె చెప్పెయ్, మనిషి సగం చల్లబడతాడు. తిరగడం ఆపేస్తే పాపమా అన్నావు. ఏడేళ్ళు వారం వారం అగ్రహార చుట్టూ తిరగలేవు, ఎవరూ తిరగలేరు. ఈ రెండు మూడు నెలలు మాత్రం నువ్వు తప్ప వాడికి వేరే మనిషి లేడు, తర్వాత నెలకోసారి వెళ్తావా, పండక్కి వెళ్తావా అప్పుడు చూసుకో.

ములాఖత్‌లో ఏడుస్తూ టైమ్ అంతా పోగొట్టకు. వాడిని రెండే అడుగు: ప్యాకెట్లు టేపు విప్పి తూచారా విప్పకుండానా, ఈ లాయర్‌ని వాడికి మొదట పరిచయం చేసింది ఎవరు.